కోరికాంచ
(సూర్యాలయపు గోడపై నిలిచిన క్రైస్తవ మఠము)

దక్షిణ అమెరికాయందలి పెరూ దేశమున, ఆండీస్ పర్వతముల నడుమ, కుస్కో యను ప్రాచీన నగరము కలదు. ఆ నగరమున నొక యెత్తైన కట్టడము క్రింద నిలిచి తల యెత్తి చూచువారికి ఒకే చోట రెండు కాలములు కనబడును. క్రిందిభాగమున బూడిదరంగు రాళ్లతో గట్టిన యొక వంపుగోడ యున్నది. దాని యెత్తు సుమారు 20 అడుగులు. రాతికిని రాతికిని నడుమ సున్నము లేదు, అడుసు లేదు. వెండ్రుకవంటి సన్నని గీత మాత్రమే కనబడును. ఆ గోడ నెత్తిమీద స్పెయిను దేశపు పద్ధతిని గట్టిన క్రైస్తవాలయపు వెనుకభాగము కూర్చుండియున్నది. దాని ప్రక్కను చెక్కడపు పనితోడి గంటగోపురము లేచినది. క్రిందిది ఇంకా చక్రవర్తుల సూర్యాలయము. దాని పేరు కోరికాంచ. పైది దోమినికను సన్యాసుల మఠము. దాని పేరు సాంటో డొమింగో.

పెరూ దేశమనగానే మన విద్యార్థులకు మాచు పిచ్చు శిథిలములు జ్ఞప్తికి వచ్చును. అది మనుష్యులు విడిచిపోయిన కొండయూరు. కోరికాంచ యట్టిది కాదు. దానిని జనులెన్నడును విడువలేదు. గెలిచినవారు దానిలోనే కాపురముండిరి. దాని గోడలమీదనే తమ గోడలు లేపిరి. కావున మాచు పిచ్చులో ఒక జాతి చరిత్ర మాత్రమే చదువగలము. ఇచ్చట రెండు జాతుల చరిత్ర యొకదానిపై నొకటి వ్రాయబడియున్నది. క్రింది కట్టడము నెవరు కట్టిరి, పై కట్టడము దానిపై నేల వచ్చెను, భూకంపములు వచ్చినప్పుడు ఏది నిలిచెను, ఏది కూలెను అను నీ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట స్థలమును గూర్చి కొంచెము తెలిసికొందము. పటమును విప్పి చూడుడు. మన తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పదమూడున్నర డిగ్రీల దూరమున నున్నది. కుస్కో దక్షిణముగా దాదాపు అంతే దూరమున నున్నది. అయినను అచటి వాతావరణము మన వాతావరణమువంటిది కాదు. కుస్కో సముద్రమట్టమునకు సుమారు 11,000 అడుగుల యెత్తున నుండుటచే పగలు ఎండ తీవ్రముగా నున్నను రాత్రులు మిక్కిలి చల్లగా నుండును. క్రొత్తగా వచ్చినవారికి నాలుగడుగులు వేయగానే ఆయాసము కలుగును. జూను, జూలై మాసములలో తెల్లవారుజామున చేలపై మంచు గడ్డకట్టును. అట్టి దేశమున సూర్యోదయమునకు జనులెంతగా నెదురుచూతురో ఊహించుకొనవచ్చును. ఇంకాలు సూర్యుని తమ వంశమునకు మూలపురుషునిగా తలచి పూజించుటకు ఆ చలియు నొక కారణమై యుండునని మేము తలంచుచున్నాము.

ఇంకాలు అను పేరునకు మన భాషలోని ‘ఇంకా’ యను మాటతో నేమియు సంబంధము లేదు. కుస్కో లోయయందు మొదట చిన్న తెగగా నుండిన జనమునకును, వారి రాజునకును అది పేరు. 15వ శతాబ్దమున పచాకుతి యను రాజు పొరుగువారిని జయించి రాజ్యమును విస్తరింపజేసెను. ఆయన తరువాతి వారి కాలమున ఆ రాజ్యము నేటి కొలంబియా దక్షిణపు సరిహద్దు మొదలుకొని చిలీ దేశపు మధ్యభాగము వరకు, సుమారు 4,000 కిలోమీటర్ల పొడవున వ్యాపించెను. తమ రాజ్యమును వారు తవంటిన్‌సుయు అనిరి. కూడియున్న నాలుగు దిక్కులు అని దాని యర్థము. వారికి వ్రాతలిపి లేదు. ముడులు వేసిన త్రాళ్లతో లెక్కలు పెట్టుకొనిరి. ఇనుము తెలియదు. బండిచక్రము వాడుకలో లేదు. బరువులు మోయుటకు లామా యను జంతువును మనుష్యుల వీపులును తప్ప వేరు సాధనము లేదు. ఈ లోపములన్నియు మనస్సున నుంచుకొని పిమ్మట ఆ గోడను చూడవలెను.

కెచువా భాషయందు ‘కోరి’ యనగా బంగారము. ‘కాంచ’ యనగా ప్రాకారముతో గూడిన ఆవరణము. కోరికాంచ యనగా బంగారపు ఆవరణమని యర్థము. పూర్వము చిన్నదిగా నున్న సూర్యాలయమును పచాకుతి విశాలముగా, వైభవముగా తిరిగి కట్టించెనని చరిత్రకారులు వ్రాసిరి. మధ్య నొక ముంగిలి, దాని చుట్టును గదులు, వాని చుట్టును ప్రాకారము: ఇదియే దాని యమరిక. గదులపై నేటి ఆలయమువలె ఓడుపెంకులు లేవు. గడ్డితో నేసిన వాలుకప్పు లుండెను. గోడలు రాతివి, కప్పు గడ్డిది, వానిమీద బంగారపు రేకులు. నేటి చూపరులకు ఈ మూడింటి కలయిక వింతగా తోచును గాని, ఆ దేశపు వారికి అది సహజము.

సూర్యునికే గాక చంద్రునికిని, శుక్రగ్రహమునకును నక్షత్రములకును, ఉరుము మెరుపులకును, ఇంద్రధనుస్సునకును వేర్వేరు గదు లుండెనని గార్సిలాసో డి లా వేగా యను గ్రంథకర్త తెలిపెను. ఈయన 1539వ సంవత్సరమున కుస్కోలో జన్మించెను. తండ్రి స్పెయిను సేనానాయకుడు. తల్లి ఇంకా రాజకుటుంబపు స్త్రీ. అప్పటికే ఆలయము దోచుకొనబడినది. తల్లివైపు బంధువులు చెప్పుకొను మాటలు విని, పెరిగి పెద్దవాడై స్పెయినునకు పోయి, ముదిమియందు వానిని గ్రంథముగా వ్రాసి 1609లో ప్రకటించెను. ఇట్లు ఆ ఆలయ చరిత్రలో కొంతభాగము పాడైన యింటి పిల్లవాడు పెద్దలవలన విన్న మాటలుగా మనకు లభించినది. ఆలయమునకు చేరిన తోటయందు బంగారముతో చేసిన మొక్కజొన్న మొక్కలును, లామాలును, వానిని కాచు కాపరుల బొమ్మలును ఉండెనని ఆయనయు, 1550 ప్రాంతమున కుస్కోను చూచిన సియేజా డి లియోన్ అను సైనికుడును వ్రాసిరి.

కోరికాంచ కేవలము పూజాస్థలము కాదు. ఆ రాజ్యమునకది నడిబొడ్డు. అక్కడనుండి చుట్టుప్రక్కల కొండలమీదికి నలువదికి పైగా ఊహారేఖలు గీయబడినట్లు ఎంచి, ఆ రేఖల వెంబడి నున్న ఊటలను, బండలను, కనుమలను పుణ్యస్థలములుగా పూజించిరి. అట్టివి 300కు పైగా నుండెనని 1653 ప్రాంతమున బెర్నబే కోబో యను జెసూట్ మతగురువు పేరుపేరున పట్టిక వ్రాసి యుంచెను. ఏ రేఖమీది స్థలమును ఏ కుటుంబమువారు చూచుకొనవలెనో నియమ ముండెను. ఇట్లు ఊరంతయు, కొండలన్నియు, కాలగణనయు, కుటుంబములును ఆ యొక్క ఆవరణమునకు కట్టబడియుండెను. మఱియు జయింపబడిన జాతుల దేవతావిగ్రహములను ఇంకాలు కుస్కోకు తెచ్చి, ఆ జాతులు తిరుగబడకుండ హామీగా నుంచుకొనిరట. సముద్రతీరమున పచకమాక్ అను ప్రాచీన పుణ్యక్షేత్రమును జయించినప్పుడు, పాత గుడిని కూల్చక, దాని సమీపముననే తమ సూర్యాలయము నెత్తుగా కట్టిరి. గెలిచినవాడు తన దేవుని ఓడినవాని దేవునికంటె ఎత్తున నిలుపుట ఆ దేశమునకు స్పెయినువారు తెచ్చిన క్రొత్త యాచారము కాదని దీనివలన తెలియును.

ఇక ఆ గోడలను కట్టిన విధము. కుస్కోకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున రుమికోల్కా యను గని కలదు. అచటి ఆండిసైట్ అను గట్టిరాతిని ముఖ్యమైన కట్టడములకు తెచ్చెడివారు. ఇనుపయులి లేకుండ ఆ రాతిని చెక్కుట యెట్లు? ప్రోట్జెన్ అను వాస్తుశాస్త్ర పండితుడు 1980 ప్రాంతమున ఆ గనులను పరిశోధించి, స్వయముగా ప్రయోగము చేసి చూచెను. చేతబట్టదగిన గట్టి గులకరాళ్లనే సుత్తెలుగా వాడి, ఓర్పుతో కొట్టి కొట్టి, రాతిముఖమును చదును చేయవచ్చునని ఆయన నిరూపించెను. పెద్ద సుత్తెరాళ్లతో మొదట మోటుపని. అంచులకు వచ్చునప్పుడు చిన్న సుత్తెరాళ్లతో సన్నపని. ఒక రాతిని రెండవదానిపై నుంచి సరిచూచి, మరల దించి, మరల కొట్టి, రెండును కలియువరకు పనిచేసిరి. మంత్రములు గాని, రాతిని కరగించు పసరులు గాని వారికి లేవు. వారికి ఉండినవి పనివారును, కాలమును, చేతిలోని నేర్పును.

ఆ గోడలకు మూడు గుణములు కలవు. మొదటిది, గోడ క్రింద వెడల్పుగాను పైకి పోనుపోను సన్నముగాను ఉండి, లోపలివైపునకు కొంచెము వాలియుండును. రెండవది, ద్వారములు, కిటికీలు, గోడలోని గూళ్లు అన్నియు క్రింద వెడల్పును పైన ఇరుకును గలిగి, రేఖాగణితమున విద్యార్థులు నేర్చిన సమలంబ చతుర్భుజము ఆకారమున నుండును. మూడవది, రాళ్ల నడుమ సున్నపుటతుకు లేదు. భూమి కదలినప్పుడు అతుకు గల గోడ యొక్కటే పలకవలె బిగిసి నిలువలేక పగులును. అతుకు లేని రాళ్లు కొంచెము కదలి, తమ బరువుచేతనే మరల తమ చోట కూర్చుండును. లోపలికి వాలియుండుటచే గోడ వెలుపలికి పడదు. ఈ యుపాయము భూకంపములు తరచుగా వచ్చు దేశమున అనేక తరముల యనుభవమువలన పుట్టినది.

1532వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ఫ్రాంసిస్కో పిజారో యను స్పెయిను నాయకుడు 168 మంది సైనికులతో కహమార్కా పట్టణమున ఇంకా రాజగు అతవాల్పాను మోసముచే పట్టుకొనెను. అంతకు ముందే అతవాల్పాకును ఆయన సోదరుడు హువాస్కారునకును జరిగిన యుద్ధమువలన రాజ్యము చీలి నీరసించియుండెను. తన విడుదలకై ఒక గదిని బంగారముతో ఒకమారును, వెండితో రెండుమార్లును నింపింతునని రాజు మాట యిచ్చెను. ఆ వెలను త్వరగా చేర్చుటకై 1533 మొదట ముగ్గురు స్పెయినువారు కుస్కోకు పంపబడిరి. ఆలయపు గోడలనుండి బంగారు రేకులను ఊడదీయుటకు అచటి జనులు తమ చేయి వేయమనిరి. ఆ ముగ్గురును రాగి గునపములు తీసికొని తామే ఊడబెరికిరి. అట్లు తీసిన రేకులు 700. ఒక్కొక్కటి సుమారు రెండు కిలోల తూకము గలవి. కహమార్కాకు చేరిన సొత్తునంతయు అక్కడి కంసాలులచేతనే కరిగించి కడ్డీలుగా పోయించిరి. సుమారు 6 టన్నుల బంగారము, దాదాపు 12 టన్నుల వెండి లెక్కకు వచ్చెను. ఇంత తీసికొనియు పిజారో మాట నిలుపుకొనలేదు. ఆ 1533లోనే రాజును చంపించెను. ఎన్ని తరముల పనితనమో కొద్ది నెలలలో కొలిమిలో పడి రూపుమాసెను.

ఆ సంవత్సరము నవంబరులో స్పెయిను సైన్యము కుస్కోలో ప్రవేశించెను. రాజభవనములను సైనికులు పంచుకొన్నప్పుడు కోరికాంచ పిజారో తమ్ముడగు హువాన్ పిజారో వంతునకు వచ్చెను. అతడు దానిని దోమినికను సన్యాసుల కిచ్చెను. 1536లో ఇంకాలు తిరుగబడి నగరమును ముట్టడించినప్పుడు, ఊరికి పైనున్న సాక్సాయ్‌వమాన్ కోటకడ జరిగిన పోరులో హువాన్ పిజారో చచ్చెను. సన్యాసులు ఇంకాల గదులనే తమ మఠమునకు గదులుగా చేసికొని, గోడలకు సున్నపు పూత పూసి, ముంగిలి చుట్టును కమానులతోడి వసారాలు కట్టి, వంపుగోడపై ఆలయపు బలిపీఠపు భాగమును లేపిరి.

దానిపైననే కట్టుట కేమి కారణము? మాకు మూడు కారణములు తోచుచున్నవి. చెక్కిన రాయి చేరువనే దొరకుట మొదటిది. సాక్సాయ్‌వమాన్ కోటరాళ్లును ఇట్లే నగరమందలి క్రొత్త కట్టడములకు తరలిపోయెను. కదలని పునాది సిద్ధముగా నుండుట రెండవది. మూడవదియు ముఖ్యమైనదియు ఏమనగా, పూర్వము జనులు మ్రొక్కిన స్థలముననే క్రొత్త మతపు గంట మ్రోగినచో పాతదాని యధికారము పోయినదని యందరును ఒప్పుకొందురను తలంపు. కాని గోడను మరల్చినంత సులభముగా మనస్సులు మరలలేదు. పండుగలు పేరు మార్చుకొని నిలిచెను. 16వ శతాబ్దాంతమున నిషేధింపబడిన సూర్యోత్సవము జ్ఞాపకము చావలేదు.

1650వ సంవత్సరము మార్చి 31వ తేదీన కుస్కోలో గొప్ప భూకంపము వచ్చెను. మఠపు ఆలయము కూలెను. ఆ శతాబ్దము ముగియకముందే దానిని మరల కట్టిరి. మూడువందల యేండ్లకు, 1950వ సంవత్సరము మే 21వ తేదీన మరియొక భూకంపము వచ్చెను. నగరమందలి కట్టడములలో సగమునకు పైగా దెబ్బతినెను. సాంటో డొమింగో గోపురమును, కమానులును, గోడలును పగిలెను; సున్నపు పూత రాలెను. పూత రాలినచోట దానివెనుక ఇంకాల గోడలు చెక్కుచెదరక కనబడెను. ఆ వంపుగోడ రెండు భూకంపములందును నిలిచియుండెను.

అప్పుడు పెద్ద ప్రశ్న పుట్టెను. పడిపోయిన మఠమును పూర్వమువలెనే కట్టి గోడలను మరల కప్పుటయా? లేక మఠమును తీసివేసి ఇంకాల ఆలయమును బయలుపరచుటయా? కొందరికి ఇంకాల కీర్తి ముఖ్యముగా తోచెను. కొందరికి నాలుగు శతాబ్దములుగా ప్రార్థన జరిగిన యాలయమును విడుచుట తగదని తోచెను. తుదకు మధ్యమార్గము నవలంబించిరి. ఆలయమును గోపురమును బాగుచేసిరి, వసారాలను నిలిపిరి, కాని పాత గదులపైనున్న పూతను, అడ్డుగోడలను తీసివేసి, వానిని అందరికి కనబడునట్లు చేసిరి. 1983లో కుస్కో నగరము యునెస్కోవారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చబడెను.

నేడు చూడబోవువారికి ఈ రెండును ఒకే త్రోవలో కనబడును. మఠపు ద్వారమున ప్రవేశింపగనే కమానుల వసారాలతోడి ముంగిలియు, దాని నడుమ ఎనిమిది పలకల రాతితొట్టియు కనబడును. వసారా గోడలపై దోమినిక్ భక్తుని జీవితమును జూపు చిత్రపటములు వ్రేలాడును. వసారానుండి ప్రక్కకు తిరిగి రెండడుగులు వేసినంతనే ఇంకాల గదులు. రంగు లేదు, బొమ్మ లేదు. నునుపైన రాయి, వరుసగా గూళ్లు, ఒక గది కిటికీనుండి చూచినచో తరువాతి గదుల కిటికీలు ఒకే వరుసలో నిలుచుట. గార్సిలాసో వ్రాసిన చంద్ర నక్షత్రాదుల పేర్లతోనే ఆ గదులను నేటికిని పిలుచుచున్నారు. వెలుపలికి వచ్చినచో పూర్వము బంగారు తోట యుండిన వాలునేల పచ్చిక బయలుగా నున్నది. దోమినికను సన్యాసులు నేటికిని ఆ మఠమును విడువలేదు. ఆలయమున ఆరాధన జరుగుచునే యున్నది.

క్రైస్తవ పాఠశాలలో పనిచేయు మేము ఈ కథను చెప్పునప్పుడు కొంచెము ఆగి మాటలాడవలసియున్నది. ఆ గోడపై నిలిచినది మా విశ్వాసమునకు చెందిన యాలయమే. అందుచేత దోపిడిని దోపిడి యనకుండుట మాకు తగదు. ఊడబెరికిన 700 రేకులును, మాట తప్పి చంపిన రాజును ఆ పునాదిలో నున్నారు. అయితే ఆ మఠపు వారిలో అందరును ఒకే తీరువారు కారు. దోమినికను సభకు చెందిన లాస్ కాసాస్ గురువు స్పెయినువారి క్రౌర్యమును ఖండించుచు 1552లో గ్రంథము ప్రకటించెను. ఆ సభవాడే యగు డొమింగో డి సాంటో టోమాస్ 1540లో పెరూకు వచ్చి, కెచువా భాష నేర్చి, 1560లో ఆ భాషకు మొట్టమొదటి వ్యాకరణమును నిఘంటువును అచ్చువేయించెను. పోటోసీ వెండిగనులలో కూలీలు పడు బాధను చూచి, ఆ గని నరకద్వారమని రాజసభకు వ్రాసి పంపెను. నేటికిని 80 లక్షలకు పైగా జనులు కెచువా మాటలాడుచున్నారు. 1814లో అచ్చైన విలియం కేరీ తెలుగు వ్యాకరణమును ఎరిగిన మన చదువరులకు, పరభాష కోర్చి వ్యాకరణము వ్రాయుట యెట్టి పనియో వేరుగా చెప్పనక్కరలేదు. ఒకరి మాటను శ్రద్ధగా నేర్చుకొన్నవాడు వారి గౌరవమును కొంతయైన నిలుపును.

మాన్సియో సెర్రా అను సైనికుని కథయు నిచ్చట చెప్పదగినది. కోరికాంచలోని బంగారు సూర్యబింబము తన వంతునకు రాగా, దానిని ఒక్క రాత్రిలో జూదమున పోగొట్టుకొనెనని అతనిని గూర్చి చెప్పుదురు. తెల్లవారకముందే సూర్యుని ఒడ్డినాడని స్పెయిను భాషలో సామెతయు పుట్టినదట. ముఖ్యమైన సూర్యవిగ్రహము ఇంకాల చేతనే యుండి 1572 వరకు స్పెయినువారికి చిక్కలేదు గనుక, ఈ కథను పండితులు పూర్తిగా నమ్మరు. నమ్మదగినది అతని మరణశాసనము. 1589లో, ముసలివాడై, తొలి సైనికులలో తానొక్కడే మిగిలినవాడనని చెప్పుకొనుచు, ఇంకాల పాలనలో దొంగలు లేకుండిరనియు, అట్టి జనులను తమ దుర్మార్గపు నడతచే తామే చెడగొట్టితిమనియు రాజునకు విన్నవించి, తన మనస్సు భారము తీర్చుకొనుటకే దీనిని వ్రాయించుచున్నానని తెలిపెను. ఇంకాల పాలనను అతడు కొంత యెక్కువగా పొగడి యుండవచ్చును. కాని దోచినవారిలో నొకడు చావుముందర పలికిన మాట గనుక అది మిక్కిలి విలువైన సాక్ష్యము.

ఆ బంగారమేమైనది? నాణెములై, అప్పులకును యుద్ధములకును ఖర్చై, గుర్తుతెలియకుండ కలిసిపోయెను. ఆ జాతి లోకమునకిచ్చిన వేరొక ధనము మాత్రము తరుగలేదు. ఆండీస్ రైతులు వేలయేండ్లుగా పండించిన దుంప 16వ శతాబ్దమున ఐరోపాకు పోయి, తరువాత ఐరోపావారి యోడలమీద మన దేశమునకు వచ్చి, మన వంటయిండ్లలో బంగాళాదుంప యైనది. అచటి రైతులు దానిని రాత్రి మంచున గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, త్రొక్కి నీరు పోగొట్టి, ఏండ్లకొలది చెడని యాహారముగా కొట్లలో దాచుకొనెడివారు. మన మెట్టపొలములలోని వేరుసెనగకును దక్షిణ అమెరికాయే పుట్టినిల్లు. రేకుల నూడదీసినవారికి చేనిలోని యీ ధనము విలువ అప్పుడు తెలియలేదు.

1944వ సంవత్సరము జూను 24వ తేదీన కుస్కో ప్రజలు సూర్యోత్సవమును మరల మొదలుపెట్టిరి. దక్షిణార్ధగోళమున జూను నడిచలికాలము. సూర్యుడు ఉత్తరమునకు మిక్కిలి దూరము పోయి మరలు కాలమది. నేటికిని ఏటేట ఆ దినమున ఉత్సవము కోరికాంచకడనే ఆరంభమగును. ఇంకా రాజవేషధారి పచ్చిక బయలునకు వచ్చి కెచువా భాషలో సూర్యుని సంబోధించును. ఆయన వెనుక వంపుగోడ, దానిపైన క్రైస్తవాలయము. జనులు రెండింటిని చూచుచునే నిలిచియుందురు.

ఆ కట్టడము ఎవరిదని మా విద్యార్థులడిగినచో మేము చెప్పునది యిది. రాళ్లు చెక్కిన పనివారిది. వానిని కాపాడుకొనలేక పోయినవారిది. పూత పూసి కప్పినవారిది. భూకంపము తరువాత పూతను మరల పూయక విడిచినవారిది. వీరిలో ఎవరి పేరు విడిచినను కథ కుంటుపడును. పాతగోడ ఎక్కడ కనబడినను పైభాగమును మాత్రమే చూచి తృప్తిపడక, వంగి క్రింది వరుస రాళ్లనుకూడ చూచుట విద్యార్థులకు తగిన యలవాటు.